అంగూర్ దారి: పెనుకొండ నుంచి బోర్డో దాకా

ధర్మవరంలో బెంగళూరు రైలెక్కితే పెనుకొండ, హిందూపురం, గౌరిబిదనూరు దాటాక దొడ్డబళ్లాపురం వస్తుంది. పెనుకొండ బాబయ్య ఉర్సుకు ఈ లైన్లో ఎన్నిసార్లు సఫర్ చేశామో లెక్కలేదు. దొడ్డబళ్లాపురం పేరు మా ఇంట్లో గట్టిగా వినబడింది మాత్రం మా ఖాలా మనవడి ఉద్యోగం వల్లే. హార్టికల్చర్ చదివిన పిల్లాడికి అటువైపు ఒక వైన్ తోటలో నౌకరీ వచ్చింది. ఖాలా రెండు రోజులు అన్నం ముట్టలేదు. "చెట్లు చూసుకునే పనే కదా నానీ" అని వాడు. "ఆ పండు ఎక్కడికి పోతుందిరా?" అని ఆమె.

అప్పుడే నేను ఈ తారీఖ్ తవ్వడం మొదలుపెట్టాను.

అంగూర్ మనకు పరాయిది కాదు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, అక్కడి బజార్లలో ద్రాక్ష, దానిమ్మ అమ్మడం గురించి రాశాడు. 1565 తర్వాత అదే రాజ్యానికి పెనుకొండ రాజధాని అయింది. ఇంకో రెండొందల ఏళ్లకు ఈ కోట హైదర్ అలీ చేతికొచ్చింది. ఆయన కొడుకు టిపూ 1787లో మీర్ సాదిఖ్‌కు రాసిన ఖత్‌లో, ఖజానాకు నష్టం వచ్చినా సరే, మద్యం ఆగాలన్నాడు. ఆయన పెంచింది మల్బరీని. ధర్మవరం పట్టుచీర కట్టుకునే ఏ ఇల్లైనా ఆ మాట గుర్తుపెట్టుకోవచ్చు.

అదే టిపూ ఫ్రాన్సుకు సఫీర్లను పంపాడు. 1788 ఆగస్టు 10న వెర్సాయిలో పదహారో లూయీ వాళ్లను దర్బారులో కలిశాడు. టిపూ అడిగింది ఫౌజు, కారీగర్లు, విత్తనాలు, మొక్కలు. ఫౌజు రాలేదు. సరిగ్గా రెండొందల ఏళ్లకు, 1988లో, గ్రోవర్ కుటుంబం దొడ్డబళ్లాపురంలో వైన్ తోట మొదలుపెట్టింది. సలహాకు షాంపేన్ ప్రాంతం నుంచి జార్జ్ వెసెల్ వచ్చాడు. తర్వాత బోర్డో నుంచి మిషెల్ రోలాన్. ఈసారి ఫ్రెంచి హునర్ ఇలా వచ్చింది!

ఆ బోర్డో సంగతి చదువుతుంటే నాకు హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టే గుర్తొచ్చింది. మన వ్యాపారి గూడును చెవి దగ్గర ఊపి, వేళ్లతో నొక్కి ధర చెబుతాడు. అక్కడివాళ్లు గ్లాసును తెల్లగుడ్డ ముందు పట్టి రంగు చూస్తారు, తిప్పి ఖుష్బూ పీలుస్తారు, నోట్లో పుక్కిలించి ఉమ్మేస్తారు. అవును, రోజుకు డజన్లకొద్దీ రుచి చూసేవాళ్లు మింగరు. (మనకు నోట్లో పెట్టడమే హరామ్, అది వేరే సంగతి.) వాళ్లు వెతికేది ముఖ్యంగా వగరు. వక్క కొరికితే నాలుక పట్టేస్తుంది చూడండి, అదే. ద్రాక్ష తోలు నుంచి, గింజ నుంచి వస్తుంది.

ఆ వగరు నేలను బట్టి మారుతుందంటారు. బోర్డోలో నది ఎడమ ఒడ్డు గులకరాళ్ల నేల. రాయి వేడిని పట్టి ఉంచుతుంది కాబట్టి ఆలస్యంగా పండే కాబెర్నే సోవిన్యోఁ అక్కడ బాగా వస్తుంది. కుడి ఒడ్డు బంకమన్నులో మెర్లో. 1855లో మూడో నెపోలియన్ పారిస్ ఎగ్జిబిషన్ కోసం తోటలకు దర్జాలు కట్టించాడు, అప్పటి బజారు ధరలను చూసి. ఆ జాబితా దాదాపు మారకుండా ఇప్పటికీ నడుస్తోంది. రుచి కంటే ధర ముందు పలికిందని నా అనుమానం.

మన దగ్గర తీగ నిద్రపోదు. చలికి ఆకు రాల్చి ఆగే అలవాటు ఇక్కడ లేదు కాబట్టి ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు, ఏప్రిల్ దగ్గర ఒకటి, అక్టోబరు దగ్గర ఒకటి. ఫ్రాన్సు పుస్తకం ఇక్కడ అక్షరాలా పనిచేయదు.

ఇంకో మాట. ఆల్కహాల్ అనే పేరు అరబీ 'అల్-కుహ్ల్' నుంచి వచ్చింది. దాని అసలు అర్థం సుర్మా. ఖాలాకు చెబితే నవ్వింది, కానీ రాజీ పడలేదు. పిండేవాడి దగ్గర్నుంచి మోసేవాడి దాకా గునాహ్‌లో హిస్సా ఉందన్న హదీసు ఆమెకు తెలుసు. నాకూ తెలుసు. మొక్కల ఇల్మ్ హరామ్ కాదని మాత్రం ఆమె ఒప్పుకుంది.

పిల్లాడు ఆ నౌకరీ వదిలి చిక్కబళ్లాపురం వైపు తినే ద్రాక్ష తోటలో చేరాడు, తక్కువ జీతానికి. పోయిన రంజాన్‌కు హిందూపురం స్టేషన్లో బెంగళూర్ బ్లూ సంచితో దిగాడు. ఇఫ్తార్‌లో ఖజూర్ తర్వాత ఖాలా ఒక పండు నోట్లో వేసుకుని, కాసేపు నమిలి, తోలు చేతిలోకి తీసి, "వాసన బాగుందిగానీ వగరు ఎక్కువరా" అంది.