ఊరు ఉంది, మేమే లేము

ఎం.ఏ. చరిత్ర చదివే పిల్లల్ని ఒకరోజు కడప బ్రౌన్ గ్రంథాలయానికి తీసుకెళ్లాను. చెప్పిన పని చిన్నదే. ఎవరి ఊరి కైఫీయతు వాళ్లు వెతుక్కోవాలి, అందులో తమ ఇంటి పెద్దల జాడ ఉందేమో చూడాలి.

1800లో దత్తమండలాలు కంపెనీ చేతికి వచ్చాక, కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి, కరణాల కవిలెలు చూసి, పెద్దవాళ్లని అడిగి రాసుకున్నవే ఇక్కడి కైఫీయతులు. మెకంజీ 1821లో పోయాడు. శిథిలమైపోతున్న ఆ రాతలకు తర్వాత నకళ్లు తీయించిన వాడు బ్రౌన్. ఊరు ఎట్లా కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, అన్నీ దొరుకుతాయి వాటిలో.

మధ్యాహ్నానికల్లా కరణాల ఇంటి పిల్లవాడొకడు ఎగిరి గంతేశాడు. వాడికి వరసగా ఐదు తరాల పేర్లు దొరికాయి. ఇంకో అమ్మాయి మాత్రం పుస్తకం ముందు ఊరికే కూర్చుంది.

"ఏమైంది తల్లీ, మీ ఊరు లేదా?"

"ఊరు ఉంది సార్. మేమే లేము."

పుట చూపించింది. ఆయగాళ్ల వరసలో కరణానికి, రెడ్డికి పేర్లున్నాయి. ఆ పిల్ల వాళ్లకు కులం పేరు ఒక్కటే ఉంది.

భూమి మీద హక్కు ఎవరిదో తేల్చాల్సిన చోటే పేరు అవసరమైంది. హక్కే లేనివాళ్ల పేరు ఎవరికి కావాలి? ఈ ముక్క క్లాసులో ఎన్నోసార్లు చెప్పాను. కానీ అందరికీ ఒకే పని అప్పజెప్పినప్పుడు నాకే తోచలేదు. తప్పు నాది.

కాపులకు పిచ్చిగుంట్లవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు వంశాలు చెప్పేవాళ్లు. ఆ సంగతి ఎత్తగానే ఆ అమ్మాయి బయటికెళ్లి వాళ్ల జేజికి ఫోన్ చేసింది. అరగంటకి నోటుబుక్కుతో వచ్చింది. నాలుగు పేర్లు. అందులో రెండు ఆడవాళ్లవి. కరణాల పిల్లవాడి ఐదు తరాల్లో ఒక్క ఆడమనిషి పేరూ లేదు.

చెప్పిందెవరు, ఏ తేదీన, ఏ ఊళ్లో అన్నది కూడా కింద రాయమన్నాను. మెకంజీ మనుషులు చేసిన పని కూడా అదే కదా, అడిగి రాసుకోవడం. ఆ ఇంటి గడప దాకా వాళ్లు రాలేదు, అంతే.