తెప్ప - యాటు క్లబ్బు

అనంతపురపు మెట్టనేలవారికి పడవ యనగా తుంగభద్రపై తిరుగు హరిగోలే. వెదురుబద్దల యల్లికకు తోలు కప్పి చేసిన యా గుండ్రని పుట్టి యేరు దాటుటకే గాని విలాసమునకు గాదు. అట్టి మనకు యాటు క్లబ్బుల చరిత్ర యేల యని చదువరు లడుగవచ్చును. ఆ చరిత్రలో చోళమండల తీరపు మాట యొకటి చిక్కుకొని యున్నది.

యాటు అను పదము డచ్చివారిది. వేట యని మూలార్థము. 1660లో ఆమ్‌స్టర్‌డాము పురవాసులు ఇంగ్లండు రాజగు రెండవ చార్లెసునకు ‘మేరీ’ యను నట్టి నౌకను కానుక యిచ్చిరి. మరుసటి యేట రాజును ఆతని తమ్ముడును థేమ్సు నదిపై పందెము వేసికొని నౌకలు నడపిరి. పిమ్మట నీ వినోదమునకు సంఘము లేర్పడెను. బొంబాయిలో 1846లోనే యొకటి వెలసెను.

మదరాసున నది యాలసించుటకు హేతువు సముద్రమే. అచట సహజమైన రేవు లేదు. ఓడలు దూరమున లంగరు వేసి నిలువ, విరిగిపడు నలల మీదుగా జనులను, సరకులను మసూలా పడవలు చేరవేయుచుండెను. వానిలో నొక్క ఇనుపచీలయైనను లేదు. పలకలను కొబ్బరిత్రాటితో కుట్టెడివారు. అల తాకినపుడు చీలలు కొట్టిన పడవ పగులును, కుట్టుపడవ వంగి నిలుచును. 1875లో రేవునకు శంకుస్థాపన జరిగెను. 1881 నాటి తుపాను కట్టినదానిని చాలవరకు కూల్చెను. 1904లో రేవు పాలకుడై వచ్చిన సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగను నింజనీరు తూర్పు ద్వారము మూయించి, ఈశాన్యమున క్రొత్తదానిని తెరపించెను. లోపలి నీరు నిమ్మళించెను. 1911లో ఆయనయే యాటు క్లబ్బును స్థాపించెను. (గణితవేత్త రామానుజనునకు 1912లో గుమాస్తా కొలువు దొరకినది యీయన కార్యాలయముననే, ఆ ప్రతిభను గుర్తించి తోడ్పడినవారిలో నీయన యొకడు.)

స్థాపకుని పేరు నిలిచినది. దొర తెరచాప పట్టిన విద్య, పల్లెవాడు పట్టిన కులవృత్తి! మసూలా పడవను కుట్టిన చేతుల పేరు లెవరును వ్రాసి యుంచలేదు.

మాట మాత్రము మిగిలినది. దుంగలను త్రాళ్లతో బిగించినదానిని మనవారు తెప్ప యందురు, అరవవారు కట్టుమర మందురు. ఆ యరవమాటయే యింగ్లీషున కాటమరా నైనది. నేడు లోకమందలి యాటు క్లబ్బులలో జంటపొట్టల పందెపు పడవకు పేరదియే. రూపము పసిఫిక్ ద్వీపవాసులది. పేరు మన తీరపు జాలరులది.

పదునారవ శతాబ్దమున ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున నేర్పడిన హుసేనుసాగరముపై, 2009లో యాటు క్లబ్ ఆఫ్ హైదరాబాదు వెలసెను. అది పేదయిండ్ల పిల్లలకు తెరచాప పట్ట నేర్పుచున్నది. అచటి నీరు సముద్రము గాదు. మన చెరువులవలె కట్ట వేసి నిలిపినదే.