సడిలేని రథము

పాలమూరునకు మహబూబునగరమను పేరు 1890లో వచ్చినది. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీదుగా ఏర్పడిన పేరది. పల్లెల నోట మాత్రము అది నేటికిని పాలమూరే. ఆ ప్రభువు తన చివరి దినములలో ఇంగ్లండునకు ఒక మోటారు కొఱకు ఆర్డరు పంపెను. పసుపుపచ్చని రంగు, లోపల సింహాసనము వంటి ఎత్తైన పీఠము గల రోల్స్‌రాయిస్ బండి అది. బండి చేరకముందే, 1911 ఆగస్టులో, ఆయన కాలధర్మము చెందెను. కుమారుడు ఉస్మాన్ అలీ ఖాన్ దానిని ఊరేగింపులకు మాత్రమే బయటికి తీయించెడివాడు. ఎన్నో యేండ్లలో అది కొన్ని వందల మైళ్లకు మించి తిరుగలేదని ప్రసిద్ధి.

ఆ బండి జాతికి ఇంగ్లీషువారు పెట్టుకొన్న పేరు ‘సిల్వర్ ఘోస్ట్’, అనగా వెండి దయ్యము. దయ్యము నడచినట్లు చప్పుడు లేకుండ నడచుటచేత ఆ పేరు వచ్చినది. ఆ కాలమున మోటారనగా గుండెలదరు మ్రోత, పొగ, పెట్రోలు కంపు. కావున సంపన్నులు వేగము కొఱకే గాక నిశ్శబ్దము కొఱకును ధనము వెచ్చించిరి.

ఇందు ఒక వింత కలదు. ఆ సంస్థను స్థాపించిన ఇరువురిలో ఒకడైన చార్లెస్ రోల్స్, సంస్థ పుట్టకముందే, 1900లో విద్యుత్తు బండిని మెచ్చుకొనెను. దానికి శబ్దము లేదు, వాసన లేదు, అదురు లేదు; అయితే ఊరూర ఛార్జింగు స్థలములు ఏర్పడినగాని అది అక్కరకు రాదని ఆయన తలంపు. ఆ సంవత్సరము అమెరికాలో తయారైన మోటార్లలో నాలుగవ వంతునకు పైగా విద్యుత్తువే. హెన్రీ ఫోర్డు భార్య క్లారా సైతము భర్త చేసిన పెట్రోలు బండిని కాదని, డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అను బండిని నడుపుకొనెను.

మరి ఆ బండ్లు ఏల కనుమరుగైనవి? సీసపు బ్యాటరీల బరువు ఎక్కువ, అవి నడచు దూరము తక్కువ. 1908లో వచ్చిన ఫోర్డు మోడల్-టి చౌకయైనది. 1912లో కాడిలాక్ బండికి విద్యుత్తు స్టార్టరు అమర్చుటతో, ముందు నిలిచి కడ్డీ త్రిప్పు బాధ తీరినది. ఈ విధముగా విద్యుత్తే పెట్రోలు బండికి తోడై విద్యుత్తు బండిని ఓడించినది. అటుపిమ్మట 1991లో లిథియం-అయాన్ బ్యాటరీ అంగడికి వచ్చినది. దాని వెనుక కృషి చేసిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెల్ బహుమానము లభించినది. 2008లో టెస్లా సంస్థ ఆ బ్యాటరీలతో పరుగుపందెపు వేగము గల కారు నమ్మెను. 2023లో రోల్స్‌రాయిస్ తన మొదటి విద్యుత్తు కారగు ‘స్పెక్టర్’ను కొనినవారి చేతికిచ్చెను. స్పెక్టర్ అనినను దయ్యమే!

మేమును ఈ బండ్ల యెడ మోజు గలవారమే. ఒక మిత్రుని విలాసవంతమైన విద్యుత్తు కారులో హైదరాబాదు నుండి కల్వకుర్తి, డిండి, మన్ననూరు మీదుగా శ్రీశైలము వెళ్లితిమి. నల్లమల అడవిలో ప్రవేశించిన పిదప మాకు వినబడినది చక్రముల సన్నని ఒరపిడి, పక్షుల కూతలు మాత్రమే. మార్గమధ్యమున కూర్చున్న కోతులు మా రాకను పసిగట్టనే లేదు; హారను మ్రోయింపవలసి వచ్చినది. నిశ్శబ్దమునకు కూడ ప్రమాదము కలదని అప్పుడు తెలిసినది. దోమలపెంట దాటి కృష్ణ లోయలోనికి దిగునప్పుడు మరియొక వినోదము చూచితిమి. దిగుచున్న బండి చక్రములే మోటారును త్రిప్పి, విద్యుత్తు పుట్టించి, బ్యాటరీలో తిరిగి జమకట్టుచున్నవి. తగ్గవలసిన అంకె పెరుగుచున్నది! లోయ కడుపులో శ్రీశైలము ఎడమగట్టున గల 900 మెగావాట్ల విద్యుత్కేంద్రము చేయుచున్నదియు దీనిని పోలిన పనియే. నీరు పల్లమునకు దిగునప్పుడు విద్యుత్తునిచ్చిన యంత్రములే, అవసరమైనప్పుడు నీటిని తిరిగి పైకి తోడగలవు.

ఈ బండి గలవారి నిత్యానుభవము సులభమైనది. రాత్రి ఇంటివద్ద తీగ తగిలించి పరుండినచో తెల్లవారునప్పటికి బండి సిద్ధము. దూరప్రయాణమునకు మాత్రము ముందుచూపు కావలెను. త్రోవలో ఛార్జరు ఎక్కడ నున్నదో, అది పనిచేయుచున్నదో లేదో తెలిసికొని బయలుదేరవలెను. ఆనాడు రోల్స్ చెప్పిన చిక్కు పెద్ద రహదారులపై చాలవరకు తీరినను, లోపలి ఊళ్లలో ఇంకను తీరలేదు.

అయితే మోజు మన కన్నులను కప్పరాదు. ఈ బండికి పొగగొట్టము లేదన్నంత మాత్రమున పొగయే లేదనరాదు. తెలంగాణమున విద్యుత్తులో అధికభాగము బొగ్గు నుండి వచ్చుచున్నది. నల్లగొండ జిల్లా దామరచర్ల మండలమున కృష్ణకు చేరువలో, 800 మెగావాట్ల యూనిట్లు ఐదింటితో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రమును తలపెట్టి, 2015లో శంకుస్థాపన చేసిరి. నగరమున కనబడని పొగ అట్టి చోట్ల లేచును. మరియు 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వము విద్యుత్తు వాహనములకు సంఖ్యా పరిమితి లేకుండ రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము మాఫీ చేసి, 2026 డిసెంబరు 31 వరకు గడువు పెట్టెను. కావున కోట్ల విలువగల కారు కొనువారికిని రాయితీ దక్కును. ఆ కారు ఎక్కనివారికి దీనివలన ఏమి దక్కును?

ఈ ప్రశ్నకు సమాధానము పాలమూరులోనే వెదకవలెను. తరతరములుగా ‘పాలమూరు లేబరు’ అను మాట దేశమునందలి ఆనకట్టల చెంత, రహదారుల చెంత వినబడినది. కరవు తరిమిన కుటుంబములు గడ్డపార, తట్ట పట్టుకొని వలసపోయి, ఇతరుల ప్రయాణమునకు బాటలు వేసిరి. ఆ జిల్లాలోని జడ్చర్లలోనే ఒలెక్ట్రా సంస్థ విద్యుత్తు బస్సుల కర్మాగారమును నడపినది. మహబూబునగరము చెంత దివిటిపల్లిలో 2023 మే 6న అమరరాజా సంస్థ లిథియం బ్యాటరీ కర్మాగారమునకు పునాది వేసెను. పది సంవత్సరములలో 9,500 కోట్ల రూపాయలు పెట్టుబడి పెట్టెదమని ఆ సంస్థ అంతకుముందే రాష్ట్రముతో ఒడంబడిక చేసికొనినది. రాజు కొనిన నిశ్శబ్దమునకు మూలవస్తువు ఆ రాజు పేరుగల ఊరి చెంతనే తయారు కానున్నదన్నమాట.

బ్యాటరీ సెల్లు తయారగుట మోటు పని గాదు. తేమ చొరరాని గదులలో, పలుచని రాగి, అల్యూమినియం రేకులపై మందు పూత పూయవలెను. అందుకు శిక్షణ పొందిన చేతులు కావలెను. ఆ చేతులు పాలమూరు పిల్లలవి అయినప్పుడే వలస కథకు ముగింపు వచ్చును. గేటు కాపలా, ఊడ్పు పని మాత్రమే వారికి మిగిలినచో కథ పాతదే.

1932లో నిజాము రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ఆరంభించినది. సింహాసనపు మోటారు వచ్చిన యిరువది యేండ్లకు సామాన్యునికి బస్సు వచ్చినది. 2023 మేలో హైదరాబాదు, విజయవాడల నడుమ విద్యుత్తు బస్సులు బయలుదేరి, నల్లగొండ జిల్లా మీదుగా సడిలేకుండ సాగినవి. ఈసారి మేడలో కారుకును బజారులో బస్సునకును నడుమ అంత యెడము లేదు. అది మాకు మిక్కిలి సంతోషము. విలాసపు కారును మేము మెచ్చుకొందుము. కాని ఒక్కని కొఱకు పుట్టిన నిశ్శబ్దము నలుబదిమందిని మోయునప్పుడు, ఆ బండి గుండెను పాలమూరు చేతులు కూర్చునప్పుడు, దానిని మనసార రథమని పిలిచెదము.