ముసుగు కింద అమ్మ

నవంబరు వచ్చిందంటే చాలు, అమెరికాలో పిల్లల తల్లులకి ఒకటే బెంగ: హాలిడే కార్డు ఫోటో. అందరికీ ఒకదానికొకటి నప్పే బట్టలు వెతకాలి. మా ఆయనకి ఖాళీ దొరికే ఆదివారం చూసుకోవాలి. ఆ రోజు ఎండ ఉండాలి, చిన్నాడి ముక్కు కారకూడదు. తీరా అందర్నీ నిలబెట్టాక పెద్దది కళ్ళు మూస్తుంది, చిన్నాడు చొక్కా కాలరు నములుతాడు, మా ఆయన "ఇంకా ఎన్ని తీస్తావ్?" అంటారు. నేనేమో "నవ్వండ్రా!" అని అరుస్తాను. ఇది మీ ఇంట్లో కూడా జరిగే ఉంటుంది.

మన చేతకానితనం వల్లే ఇంత రభస అని మనమే అనుకుంటాం. ఈ కార్డుల చరిత్ర, ఫోటోల చరిత్ర కాస్త చదివాక నాకు అలా అనిపించడం మానేసింది.

అచ్చయిన మొదటి క్రిస్మస్ కార్డుగా చెప్పుకునేది 1843లో లండన్‌లో వచ్చింది. వేయించినాయన హెన్రీ కోల్, ప్రభుత్వోద్యోగి. అంతకు మూడేళ్ళ ముందే, 1840లో, బ్రిటన్‌లో ఒక్క పెన్నీకి ఉత్తరం వెళ్ళే పద్ధతి వచ్చింది. ఉత్తరాలు చవకయ్యేసరికి పండక్కి జవాబులు రాసే పని పెరిగింది. అంత తీరిక లేక, కోల్ తన స్నేహితుడైన చిత్రకారుడు జాన్ హార్స్లీ చేత బొమ్మ వేయించి, ఓ వెయ్యి కార్డులు అచ్చు కొట్టించాడు. ఆ బొమ్మలో ఉన్నదీ ఓ కుటుంబమే. చిన్నా పెద్దా బల్ల చుట్టూ చేరి గ్లాసులు పట్టుకుని ఉంటారు. పసిపిల్ల చేత వైను తాగిస్తున్నారేమిటని మద్యపానం గిట్టనివాళ్ళు దుమ్మెత్తిపోశారు. పని తగ్గించుకోవడానికి పుట్టిన కార్డుకి, మొదటి ఏడాదే "ఆ ఇంట్లో పిల్లల్ని చూడండి, ఎలా పెంచుతున్నారో" అనే మాట తగులుకుంది!

ఇక ఫోటో సంగతి. 1839లో పారిస్‌లో డాగెర్ పద్ధతిని లోకానికి ప్రకటించినప్పుడు, ఒక్క బొమ్మ పడటానికి నిమిషాలు పట్టేది. తర్వాత సెకన్లలోకి దిగినా, అంతసేపూ కదలకూడదు. అందుకే స్టూడియోల్లో తల వెనక ఇనుప ఊతం పెట్టేవారు. పాత ఫోటోల్లో జనం బిగుసుకుపోయి కనపడటానికి ఇదొక కారణం.

మరి పసిపిల్లలో? వాళ్ళకి ఊతంగా అమ్మనే పెట్టారు. తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, నిలువునా దుప్పటో తెరగుడ్డో కప్పి, ఆ ఒళ్ళో బిడ్డని కూర్చోబెట్టేవారు. బొమ్మలో బిడ్డ ఒక్కడే ఉన్నట్టు కనిపించాలి. పరకాయించి చూస్తే కుర్చీకి భుజాలున్నట్టుంటుంది, గుడ్డ కిందనుంచి ఓ చెయ్యి బిడ్డ నడుము పట్టుకుని ఉంటుంది. ఇలాంటి పందొమ్మిదో శతాబ్దపు ఫోటోలు బోలెడు దొరికాయి. వాటికి 'హిడెన్ మదర్' ఫోటోలని పేరు, అంటే దాగిన తల్లి. మొదటిసారి చూసినప్పుడు నవ్వొచ్చింది. రెండోసారి చూశాక ఆ చెయ్యి మీదనుంచి చూపు తిప్పుకోలేకపోయాను.

తర్వాత కెమెరా ఇంటికొచ్చింది. 1888లో ఈస్ట్‌మన్ తెచ్చిన కొడాక్ కెమెరా ఖరీదు 25 డాలర్లు. 1900లో వచ్చిన బ్రౌనీ ఒక్క డాలరే. 1903లో పోస్టుకార్డు సైజు ఫోటోలు తీసే కొడాక్ కూడా వచ్చింది. ఇంటి ఫోటోని కార్డు మీదే వేసి పంపడం జనానికి అలవాటైంది. కొడాక్ ప్రకటనల్లో కెమెరా పట్టుకున్న అమ్మాయి బొమ్మ 1893 నుంచే ఉంది. ఇంటి జ్ఞాపకాలు దాచే పని ఆడవాళ్ళదే అన్నట్టు చెప్పారు. మనం దుప్పటి కిందనుంచి లేచి కెమెరా వెనక్కి వెళ్ళాం. ఫోటోలో మాత్రం అప్పుడూ లేం, ఇప్పుడూ లేం.

ఈ పనికి పేరు పెట్టినావిడ మికేలా డి లియొనార్డో అనే మానవశాస్త్రవేత్త. ఉత్తర కాలిఫోర్నియాలో ఇటాలియన్ మూలాలున్న కుటుంబాలను చూసి, 1987లో ఓ వ్యాసం రాశారు. కార్డులు పంపడం, ఫోన్లు చెయ్యడం, పండక్కి అందర్నీ కలపడం, వీటన్నిటినీ కలిపి 'కిన్ వర్క్' అన్నారు. బంధుత్వాలు నిలబెట్టే చాకిరీ అన్నమాట. అందులో భర్త తరఫు చుట్టాలకి చేసేది కూడా భార్యే. ఆవిడ ఇంకో మాట కూడా అన్నారు: ఇది ఉత్త బరువు కాదు, ఆడవాళ్ళకి పట్టూ బలమూ ఇచ్చేది కూడా. నాకు అది నిజమనిపించింది. మేం పంపిన కార్డు విజయవాడలో మా అత్తయ్యగారి ఫ్రిజ్ మీద ఏడాది పొడుగునా ఉంటుంది. పిల్లలు ఎంత ఎత్తు ఎదిగారో ఆవిడకి తెలిసేది దానివల్లే. అందుకే విసుక్కుంటాను గానీ మానలేను.

ముసుగు మాట వచ్చింది కాబట్టి మన హైదరాబాదు సంగతొకటి చెప్పాలి. లాలా దీన్ దయాళ్ 1892లో అక్కడ జనానా స్టూడియో పెట్టారు. పరదా పాటించే స్త్రీలు అక్కడికొచ్చి కెమెరా ముందు కూర్చోగలిగారు. ఎందుకంటే, దాన్ని నడిపింది ఓ ఇంగ్లీషు ఆవిడ. ఫోటో తీసే పని ఇంకొకరు తీసుకున్నారు కాబట్టి వాళ్ళ ముఖాలు ఫోటోల్లోకి వచ్చాయి.

మా ఇంట్లోనూ ఈ ఏడాది నుంచి అదే పద్ధతి. నేను పది ఫోటోలు తీసి ఫోను మా పెద్దదానికి ఇచ్చేస్తాను. తర్వాత మా ఆయన వంతు. వంకరగా వచ్చినా, నా జుట్టు చెదిరి ఉన్నా, నేనున్న ఫోటోనే కార్డు మీదకి వెళ్తుంది. కళ్ళు మూసిందా, కాలరు నమిలాడా అని ఎవరూ లెక్క చూడరు. అత్తయ్యగారు చూసుకునేది మనుషుల్ని.

మీ ఆల్బమ్ ఓసారి తిరగెయ్యండి. పోయిన ఏడాది ఫోటోల్లో మీరెన్నిటిలో ఉన్నారో లెక్కపెట్టి నాకు చెప్పండి.