వచ్చేవారి కోసం కట్టిన ఊరు: అమృత్‌సర్ బజార్లు, వంటశాలలు

పంజాబ్ పాత నగరాల్లో చాలా భాగం నదీ రేవుల పక్కనో, కోటల అండనో పెరిగినవి కాగా, అమృత్‌సర్‌కు పుట్టుకలో నదీ లేదు, కోటా లేదు. సిక్కుల నాలుగో గురువు రామదాస్ 1577లో తవ్వించిన కోనేరే ఆ ఊరికి పునాది. ‘గురు కా చక్’ అని, తర్వాత ‘రామదాస్‌పుర్’ అని పిలిచిన ఆ చిన్న ఆవాసానికి గురువు యాభై రెండు వృత్తులవారిని రప్పించి, కోనేటి దగ్గర దుకాణాలు పెట్టించాడని సంప్రదాయం చెబుతుంది. ఆ లెక్కను అక్షరాలా నమ్మకపోయినా, తీర్థమూ బజారూ ఒకేసారి మొదలయ్యాయన్న అందులోని సారం నగర నిర్మాణంలో నేటికీ కనిపిస్తుంది. కోనేరు యాత్రికులను రప్పిస్తే, యాత్రికులు వర్తకులను రప్పించారు, ఆ ఇద్దరికీ వండిపెట్టేవారు వారి వెనుకే వచ్చారు. అమృత్‌సర్‌ను రెండు మూడు రోజుల్లో చూడాలనుకునేవారు తమ రోజులను ఈ వరుసలోనే పేర్చుకోవడం మేలు. కోనేటి నుంచి బజార్లకు, బజార్ల నుంచి నగరం వెలుపలికి నడిచే దారి దాదాపు ఆ ఊరు పెరిగిన దారే.

అయిదో గురువు అర్జున్ కోనేటి నడుమ హర్‌మందిర్ సాహిబ్‌ను కట్టించి, 1604లో సిక్కుల పవిత్ర గ్రంథమైన ఆదిగ్రంథాన్ని, అంటే నేటి గ్రంథ్ సాహిబ్‌ను, అందులో ప్రతిష్ఠించాడు. నాలుగు దిక్కులా ద్వారాలుండటాన్ని అన్ని వర్ణాలవారికీ ప్రవేశముందన్న ప్రకటనగా సిక్కులు చెప్పుకుంటారు. ఆరో గురువు హర్‌గోబింద్ ఎదురుగా అకాల్ తఖ్త్‌ను, అంటే లౌకిక వ్యవహారాలపై నిర్ణయాలు వెలువడే పీఠాన్ని, 1606లో నెలకొల్పాడు. నేడు కనిపించే మందిరం మాత్రం ఆ తొలి కట్టడం కాదు. అఫ్గాన్ పాలకుడు అహ్మద్ షా అబ్దాలీ సేనలు 18వ శతాబ్దిలో దాన్ని ఒకటికి రెండుసార్లు ధ్వంసం చేయగా, 1764 నుంచి సిక్కు సర్దార్లు తిరిగి కట్టించుకున్నారు. రాగిరేకులపై బంగారు తాపడం మహారాజా రణ్‌జీత్ సింగ్ కాలపు పని. రాత్రి గ్రంథ్ సాహిబ్‌ను పల్లకిలో అకాల్ తఖ్త్‌కు తీసుకువెళ్లి, తెల్లవారకముందే తిరిగి మందిరానికి తెస్తారు కాబట్టి, దూరప్రయాణం చేసి సాయంత్రానికి చేరినవారు మొదటి రాత్రినే ఇక్కడికి రావడం ఉత్తమం.

ఈ ప్రాంగణంలోని వంటశాలకు నగరం కంటే పెద్ద వయసుంది. లంగర్, అంటే ఉచిత సామూహిక భోజనం, గురునానక్ కాలంలోనే మొదలైందని సిక్కుల విశ్వాసం. రెండో గురువు అంగద్ భార్య మాతా ఖీవీ దాన్ని నడిపిన తీరుకు ఆధారం గ్రంథ్ సాహిబ్‌లోనే ఉంది. ఆమె వడ్డించిన నేతి పాయసం ప్రస్తావన కూడా అందులో కనిపిస్తుంది. మూడో గురువు అమర్‌దాస్ తనను చూడవచ్చేవారు ముందు పంగత్‌లో, మన మాటలో బంతిలో, కూర్చుని భోంచేసి తీరాలని నియమం పెట్టాడు. అక్బర్ చక్రవర్తి సైతం గోయింద్‌వాల్‌లో నేలపై కూర్చుని తిన్న తర్వాతే గురుదర్శనం చేశాడని ఐతిహ్యం. ఎవరు వండారు, పక్కన ఎవరు కూర్చున్నారు అన్న ప్రశ్నల మీదే కులభేదం నిలిచిన సమాజంలో ఈ నియమం ఉపదేశం కంటే పదునైనది, ఎందుకంటే ఉపదేశాన్ని విని ఊరుకోవచ్చుగాని బంతిలో కూర్చోకుండా గురువును చూడటం కుదరదు. నేటి అమృత్‌సర్ లంగర్‌లో మామూలు రోజున 50 వేల మందికి పైగా, పండుగలప్పుడు లక్షకు పైగా భోంచేస్తారు. రొట్టె, పప్పు, కూర, పాయసం, అంతే వంటకాలు. రొట్టెను రెండు చేతులూ చాచి అందుకోవాలి, తల కప్పుకోవాలి, తిన్నంతసేపూ నేలపైనే కూర్చోవాలి. రొట్టెలు చేసే యంత్రాలు వచ్చినా వెల్లుల్లి ఒలవడం, కూరలు తరగడం, పళ్లేలు కడగడం సేవకు వచ్చినవారి చేతుల మీదే సాగుతున్నాయి కనుక, తిని లేచిన యాత్రికుడు ఒక గంట అక్కడే కూర్చుని ఉల్లిపాయలు తరిగితే వద్దనేవారు ఉండరు. మందిరంలో దోసిట పెట్టే కడాహ్ ప్రసాదం గోధుమపిండి, నెయ్యి, చక్కెర సమపాళ్లలో కలిపి చేసినది. తెలుగువారి ఆలయాల్లో రవ్వకేసరి తిన్నవారికి దాని రుచి మరీ కొత్తగా అనిపించదు.

కోనేటి నుంచి వెలుపలికి వచ్చే సందులు 18వ శతాబ్దిని వెంటబెట్టుకుని వస్తాయి. మొగలుల అధికారం సడలి, అఫ్గాన్ దాడులు పదేపదే జరిగిన ఆ కాలంలో సిక్కులు మిస్ల్‌లుగా, అంటే ఒక్కో సర్దారు కింద నడిచే సైనిక కూటములుగా ఏర్పడి, ఏడాదికి రెండుసార్లు, వైశాఖికీ దీపావళికీ, అమృత్‌సర్‌లో సర్బత్ ఖాల్సా అనే మహాసభ జరుపుకునేవారు. ఆ రెండు పండుగలూ వచ్చేసరికి ఊరు నిండిపోయేది. సర్దార్లు తమ పరివారానికీ యాత్రికులకూ విడిదిగా కోనేటి చుట్టూ బుంగాలనే భవనాలు కట్టించుకున్నారు. ప్రదక్షిణ మార్గాన్ని వెడల్పు చేయడానికి 20వ శతాబ్దిలో వాటిలో చాలావాటిని తొలగించగా, రెండు ఎత్తైన స్తంభాల రామ్‌గఢియా బుంగా మిగిలింది. బుంగాల కంటే ఎక్కువ కాలం నిలిచినవి కట్రాలు. కట్రా అంటే ఒక సర్దారు రక్షణలో, తనదైన తలుపుతో, లోపల ఇళ్లూ దుకాణాలూ కలిసి ఉండే వాడ; కట్రా ఆహ్లూవాలియా వంటి పేర్లు ఆయా మిస్ల్‌లను నేటికీ గుర్తుచేస్తాయి. దారిదోపిడీలు మామూలైన రోజుల్లో సరుకుకు కాపలా దొరికే చోటికే వర్తకుడు వెళ్తాడు. అమృత్‌సర్‌ను పంజాబ్‌లోకెల్లా పెద్ద మార్కెట్‌గా చేసిన కారణాల్లో భక్తితోపాటు ఈ కాపలాకూ చోటివ్వాలి.

రణ్‌జీత్ సింగ్ 19వ శతాబ్ది తొలి ఏళ్లలో ఈ వాడలన్నిటినీ ఒకే పాలన కిందికి తెచ్చి, చుట్టూ గోడ, పన్నెండు ద్వారాలు కట్టించి, గోబింద్‌గఢ్ కోటను బలపరిచాడు. ఆయన రాజ్యం లాహోర్ నుంచి నడిచినా సరుకంతా అమృత్‌సర్‌లో చేతులు మారేది. 1833 నాటి కరువుకు కశ్మీర్ వదిలివచ్చిన నేతగాళ్లు ఇక్కడ శాలువల మగ్గాలు పెట్టారు. ఫ్రాన్సులో ఆ శాలువలకు గిరాకీ బాగా ఉన్నంతకాలం మగ్గాలు ఆడాయి, 1870లో ఫ్రాన్సు, ప్రష్యా యుద్ధంతో గిరాకీ పడిపోగా చాలామంది తివాచీల నేతకు మళ్లారు. కాబూల్, మధ్య ఆసియా నుంచి ఎండుద్రాక్ష, బాదం వచ్చేవి, ఇటు నుంచి కాంగ్రా తేయాకు వెళ్లేది. దాల్ మండీ, నమక్ మండీ, ఎర్ర రంగునిచ్చే మంజిష్ఠ పేర వెలసిన మజీఠ్ మండీ వంటి పేర్లను వరుసగా చదివితే ఆనాటి సరుకుల చిట్టా విప్పినట్టుంటుంది. రణ్‌జీత్ సింగ్ కాలపు ఈ పంజాబీ రాకపోకలకు దక్కనులోనూ జాడ ఉంది. నాందేడ్‌లోని హజూర్ సాహిబ్ గురుద్వారా నిర్మాణానికి ఆయన పూనుకోగా, నిజాం కొలువులో దివానుగా ఉన్న పంజాబీ ఖత్రీ చందూలాల్ సిక్కు సైనికులను హైదరాబాద్‌కు రప్పించాడు. వారి వారసులు నేటికీ అత్తాపూర్ ప్రాంతంలో ఉన్నారు.

ఈ మండీల పక్కనే పాపడ్-వడీల బజారుంది. అమృత్‌సరీ వడీ నానబెట్టిన మినప్పప్పు ముద్దలో మిరియాలు, ధనియాలు, ఇంగువ కలిపి, అరచేతిలో పట్టే ఉండలుగా ఎండబెట్టినది. దాన్ని తెలుగువారి వడియంలా నూనెలో వేయించి పప్పన్నంలోకి నంజుకోవడం కాక, చిదిపి బంగాళాదుంప కూరలోనో అన్నంలోనో వేసి ఉడికిస్తారు, అందుకే కారం ఘాటు ఎక్కువ. నెలల తరబడి నిల్వ ఉండే సరుకు కాబట్టి, యాత్రికులు ఊరికి పట్టుకుపోవడానికి వీలైన తినుబండారంగా ఇది స్థిరపడింది.

అమృత్‌సర్ తిండిని గురించి ప్రచారంలో ఉన్న ప్రాచీనతా వాదాలను మాత్రం కొంత తగ్గించి తీసుకోవాలి. తందూరు పొయ్యి, గోధుమ రొట్టె, మినుములు, నెయ్యి నిజంగానే పాతవి. కాని కుల్చాలోని బంగాళాదుంప, మక్కీ రొట్టెలోని మొక్కజొన్న, పచ్చిమిరప, టమాటా అన్నీ అమెరికా ఖండం నుంచి వచ్చిన పంటలు. ఉత్తర భారతంలో బంగాళాదుంప విరివిగా పండింది బ్రిటిష్ కాలంలోనే కాబట్టి, పొరలు పొరలుగా వత్తి, దుంపకూర కూరి, తందూరులో కాల్చి, శనగల కూరతోనూ చింతపండు పచ్చడితోనూ పెట్టే ఆలూ కుల్చా 19వ శతాబ్దికి ముందుది కాలేదు. దాని రుచికి ఇది లోపమేమీ కాదు. శనగపిండిలో వాము కలిపి వేయించే అమృత్‌సరీ చేపది మరో కథ. బియాస్, సట్లెజ్ నదుల చేపలు అందుబాటులో ఉన్న సమతల పంజాబ్ వంట అది, ముల్లు తక్కువ చేపకే దానిలో గౌరవం.

నగరంలోని ధాబాల్లో పేరున్నవి 20వ శతాబ్ది సంతానం. ‘భరావాఁ దా ధాబా’ 1912 నాటిది. కేసర్ దా ధాబా 1916లో, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న షేఖుపురాలో మొదలై, 1947లో యజమానులతోపాటు సరిహద్దు దాటి అమృత్‌సర్ సందుల్లోకి వచ్చింది. పొట్టు తీయని నల్లమినుములను గంటల తరబడి సన్నసెగపై ఉడికించి చేసే దాని పప్పు ఈ ఊరి రుచిగా పేరుపడినా, ఆ వంటిల్లు కాందిశీకుల వంటిల్లని తెలుసుకుని తినడం మంచిది. సర్సోఁ కా సాగ్, అంటే ఆవాకు కూర, శీతకాలపు వంట. దానికోసం వచ్చేవారు నవంబరు, ఫిబ్రవరి మధ్య రావాలి; మే, జూన్ నెలల ఎండలో సందుల్లో తిరగడం స్థానికులకే కష్టం.

కోనేటికి కూతవేటు దూరంలోని జలియన్‌వాలా బాగ్‌ను చాలామంది మధ్యాహ్నపు అరగంటలో ముగిస్తారు. 1919 ఏప్రిల్ 13 వైశాఖి దినం. రౌలట్ చట్టాన్ని నిరసిస్తూ సభకు వచ్చినవారితోపాటు, పండుగకూ పశువుల సంతకూ పల్లెల నుంచి వచ్చి, సభలపై నిషేధం మాటే తెలియక తోటలో కూర్చున్నవారు కూడా ఆ జనంలో ఉన్నారు. శతాబ్దాలుగా వైశాఖికి ఊరు నిండే అలవాటే ఆనాడు అంతమందిని గోడల మధ్య చేర్చింది. వారిపై బ్రిటిష్ సేనలు జరిపిన కాల్పుల్లో మృతుల అధికారిక లెక్క 379. భారతీయుల అంచనాలు అంతకు చాలా మించినవి. అక్కడి నుంచి నడిచి వెళ్లగల టౌన్‌హాల్‌లో 2017లో దేశ విభజన మ్యూజియం తెరిచారు. 1947కు ముందు నగర జనాభాలో దాదాపు సగమున్న ముస్లింలు, వారిలో నేతగాళ్లు, రంగులవాళ్లు, లోహపు పనివాళ్లు, వెళ్లిపోగా, లాహోర్‌కు 50 కిలోమీటర్ల దూరంలోని వర్తక కేంద్రం ఒక్కసారిగా దారి మూసుకున్న సరిహద్దు ఊరైంది. అట్టారీ సరిహద్దు గేటు దగ్గర 1959 నుంచి సాయంత్రాలు జరిగే కవాతుకు జనం ఎగబడతారు. ఒక పూట దానికి కేటాయించేవారు మ్యూజియానికి కనీసం రెండు గంటలు ఇస్తే ఆ గేటు అర్థం మారుతుంది.

మూడో రోజు ఉదయానికి జండియాలా గురూ తగిన చోటు. గ్రాండ్ ట్రంక్ రోడ్డుపై అమృత్‌సర్‌కు తూర్పున ఉన్న ఈ చిన్న పట్టణంలో ఠఠేరాలు, అంటే కంచరివారు, రాగి, ఇత్తడి, కంచు పాత్రలను చేత్తో చేస్తారు. రణ్‌జీత్ సింగ్ ఆదరణతో కశ్మీరీ పనివారు ఇక్కడ స్థిరపడ్డారని చెబుతారు. లోహపు దిమ్మెను కొలిమిలో కాల్చి, సుత్తులతో పలుచని రేకుగా సాగదీసి, ఎంత వేడి మీద ఎంత దెబ్బ పడాలో చూసుకుంటూ వంపులు తీర్చి, చివర ఇసుకతోనూ చింతపండు రసంతోనూ తోమి మెరిపిస్తారు. గిన్నె అంచు నుంచి పెద్ద గుండిగ అడుగు దాకా చిన్న చిన్న సుత్తి గుంటలు వరుసగా కనిపించడం చేతిపనికి గుర్తు. తోలు తిత్తిలో గాలి ఊదే పొయ్యి, నేలలో పాతిన దాగలి, తండ్రి నుంచి కొడుకుకు వచ్చిన కొలతలు తప్ప రాసుకున్న పద్ధతంటూ లేదు. స్టీలు, అల్యూమినియం ధరలకు నిలవలేక ఈ వృత్తి చిక్కిపోతూ ఉండగా, 2014లో యునెస్కో దీన్ని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ గుర్తింపు వచ్చాక నగరంలోని కొన్ని దుకాణాలు వీరి పాత్రలను వారసత్వ కళాఖండాలుగా అమ్మడం మొదలుపెట్టాయి; జండియాలా బజారులో మాత్రం ఇత్తడి బిందెను ఇప్పటికీ తూకం వేసే ఇస్తారు.