ఔత్సాహిక డ్రెస్సాజ్ పోటీలు

డ్రెస్సాజ్ గుర్రపుస్వారీకి చెందిన ఒక క్రీడ. నిర్ణీత కొలతలు గల మైదానంలో, ముందుగా నిర్ణయించిన వరుసలో, రౌతు సూచనల మేరకు గుర్రం చేసే కదలికలకు న్యాయనిర్ణేతలు మార్కులు వేస్తారు. ఫ్రెంచి భాషలో ఈ పదానికి శిక్షణ అని అర్థం. ఒలింపిక్ పోటీల వలన ఈ క్రీడ ప్రసిద్ధి చెందినప్పటికీ, ఇందులో పాల్గొనేవారిలో అధికసంఖ్యాకులు ఔత్సాహికులే. లేతవయసు గుర్రాలు కొత్త ప్రదేశాన్ని, అపరిచిత గుర్రాలను, జనాన్ని తొలిసారిగా చూసేది కూడా తరచు ఇటువంటి చిన్న పోటీలలోనే. అందువలన ఇక్కడ రౌతు నైపుణ్యం మార్కులకు మాత్రమే పరిమితమైన విషయం కాదు. గుర్రం సంక్షేమం, రౌతు భద్రత కూడా దానిపై ఆధారపడి ఉంటాయి. ఈ వ్యాసంలో ప్రధానంగా బ్రిటనులోని ఔత్సాహిక పోటీల పద్ధతి వివరించబడింది.

చరిత్ర

యూరపు సైన్యాలలో అశ్వికదళాల శిక్షణ నుండి ఆధునిక డ్రెస్సాజ్ రూపొందింది. 1912లో స్టాక్‌హోం ఒలింపిక్ క్రీడలలో దీనికి స్థానం లభించింది. చాలాకాలం వరకు ఒలింపిక్స్‌లో సైనికాధికారులకు మాత్రమే ప్రవేశం ఉండేది. 1952 హెల్సింకి క్రీడలలో మొదటిసారిగా స్త్రీలకు అవకాశం కల్పించారు. పోలియో వలన మోకాళ్ళ క్రింద పక్షవాతానికి గురైన డెన్మార్కు క్రీడాకారిణి లిస్ హార్టెల్, జూబిలీ అనే గుర్రంపై ఆ సంవత్సరం రజతపతకం సాధించింది. బలప్రయోగం కంటే సమతౌల్యం, పరస్పర అవగాహన ముఖ్యమనడానికి ఆమె విజయాన్ని ఉదాహరణగా చెబుతారు.

పోటీ విధానం

మైదానం 20 మీటర్ల వెడల్పు, 40 లేదా 60 మీటర్ల పొడవు కలిగి ఉంటుంది. చుట్టూ ఆంగ్ల అక్షరాల ఫలకాలు అమర్చుతారు. చిన్న మైదానంలో వీటి వరుస ఏ, కె, ఇ, హెచ్, సి, ఎం, బి, ఎఫ్. గుర్రం ఏ వద్ద ప్రవేశిస్తుంది. ఎదురుగా సి వద్ద న్యాయనిర్ణేత కూర్చుంటారు. మైదానం మధ్యబిందువును ఎక్స్ అంటారు. ఏ అక్షరం వద్ద ఏ కదలిక చేయాలో పరీక్షపత్రంలో వ్రాసి ఉంటుంది. క్రింది స్థాయిలలో మరొకరు బయట నిలబడి దానిని బిగ్గరగా చదవడానికి సాధారణంగా అనుమతి ఉంటుంది.

బ్రిటనులో స్థాయిలు ఇంట్రడక్టరీ, ప్రిలిమినరీ, నోవిస్, ఎలిమెంటరీ, మీడియం అనే క్రమంలో పైకి సాగి చివరకు గ్రాండ్ ప్రి వరకు చేరుతాయి. ఇంట్రడక్టరీలో నడక, ట్రాట్ మాత్రమే ఉంటాయి. ట్రాట్ అంటే ఎదురెదురు మూలల కాళ్ళు జతగా కదిలే రెండడుగుల గతి. మూడడుగుల గతి అయిన కాంటర్ ప్రిలిమినరీ నుండి మొదలవుతుంది. జాతీయ సంఘం గుర్తింపు గల పోటీలతో పాటు, స్థానిక స్వారీ క్లబ్బులు, గుర్రపుశాలలు నిర్వహించే చిన్న పోటీలు కూడా ఉన్నాయి. వీటిలో సంఘ సభ్యత్వం లేనివారు సైతం పాల్గొనవచ్చు.

ఒక్కొక్క కదలికకు 0 నుండి 10 వరకు మార్కులు ఉంటాయి. 10 అంటే అత్యుత్తమం, 8 బాగు, 6 సంతృప్తికరం, 5 కనీస స్థాయి, 4 చాలనిది, 0 అంటే ఆ కదలిక అసలు చేయలేదని అర్థం. మొత్తాన్ని శాతంగా లెక్కిస్తారు. న్యాయనిర్ణేత చెబుతుండగా పక్కనున్న లేఖకుడు మార్కులను, వ్యాఖ్యలను వ్రాస్తాడు. పోటీ ముగిసిన తరువాత ఆ పత్రాన్ని రౌతుకు ఇస్తారు. చాలామంది ఔత్సాహికులకు స్థానం కంటే ఈ పత్రమే విలువైనది. పరీక్షలో దిద్దిన జవాబుపత్రం వలె ఇది తరువాతి శిక్షణకు దారి చూపుతుంది.

రౌతు ప్రమాణాలు

తెలుగులో "రౌతు కొద్దీ గుర్రం" అనే సామెత ఉంది. డ్రెస్సాజ్ పోటీలకు ఇది అక్షరాలా వర్తిస్తుంది. రౌతు కూర్చున్నపుడు పక్కనుండి చూస్తే చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువుగీతపై ఉండాలి. ఇది అందం కోసం పెట్టిన నియమం కాదు. ఈ భంగిమలో రౌతు తన బరువును తానే మోసుకోగలుగుతాడు. పట్టు కోసం పగ్గాలను ఆశ్రయించవలసిన అవసరం ఉండదు. పగ్గాలు గుర్రం నోటిలోని కళ్లెంతో కలిసి ఉంటాయి కనుక, రౌతు తూలిన ప్రతిసారీ ఆ కుదుపు గుర్రం నోటికి తగులుతుంది.

గుర్రానికి సూచనలు ప్రధానంగా పిక్కల ఒత్తిడి, పగ్గాలు, కూర్చునే తీరు ద్వారా అందుతాయి. ఒత్తిడి కలగగానే గుర్రం స్పందిస్తే, ఆ క్షణంలోనే ఒత్తిడిని తొలగించాలి. ఆ తొలగింపే గుర్రానికి "సరిగా చేశావు" అనే సమాధానం. అనుభవం తక్కువగా ఉన్నవారిలో కనిపించే ముఖ్యలోపం ఈ సమయజ్ఞానం లేకపోవడమే. భయపడిన రౌతు అప్రయత్నంగా పిక్కలు బిగించి, పగ్గాలు లాగుతాడు. మొదటిది ముందుకు పొమ్మని, రెండవది ఆగమని చెబుతాయి. ఏది పాటించాలో తెలియని గుర్రం కలవరపడుతుంది.

జర్మను శిక్షణ సోపానం ఈ క్రీడకు ప్రామాణికంగా పరిగణించబడుతోంది. దీనిలో లయ, సడలింపు, కళ్లెంతో మృదువైన సంబంధం, చైతన్యం, నిటారుతనం, సంగ్రహణం అనే ఆరు మెట్లు ఉన్నాయి. సంగ్రహణం అంటే గుర్రం తన బరువును వెనుకకాళ్ళపై ఎక్కువగా మోయడం. తొలి స్థాయిల పోటీలలో మొదటి మూడు మెట్లే ప్రధానం. అయితే మెడ వంచిన గుర్రం చూడముచ్చటగా ఉంటుందనే ఉద్దేశంతో కొందరు పగ్గాలను బిగించి తల క్రిందికి దించుతారు. సడలింపు లేకుండా సాధించిన ఈ భంగిమ శిక్షణ అనిపించుకోదు.

లేతవయసు గుర్రాల బెదురు

గుర్రం ప్రమాదం ఎదురైనపుడు పారిపోయి ప్రాణాలు కాపాడుకునే జంతువు. తలకు రెండు పక్కల ఉండే కన్నుల వలన దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. నుదుటికి నేరుగా ముందున్న కొద్దిభాగం, తోకకు వెనుకభాగం మాత్రం కనిపించవు. ఇది మందలో జీవించే జంతువు కూడా. తోటిగుర్రం కనుమరుగైతే ఆందోళన చెందుతుంది. ఇంటివద్ద నెమ్మదిగా ఉండే గుర్రం పోటీ మైదానంలో పూలకుండీని, తెల్లపలకను, న్యాయనిర్ణేత కూర్చున్న కారును చూసి బెదరడానికి కారణాలు ఇవే. దీనిని మొండితనంగా భావించడం పొరపాటు.

క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో గ్రీకు రచయిత జెనొఫోన్ అశ్వవిద్యపై వ్రాసిన గ్రంథంలో ఈ విషయాన్ని ప్రస్తావించాడు. బెదిరిన గుర్రాన్ని కొడితే, ఆ నొప్పికి కూడా ఎదుటనున్న వస్తువే కారణమని అది భావిస్తుందని, అందువలన భయం రెట్టింపవుతుందని అతని అభిప్రాయం. నేటి శిక్షకులు కూడా దీనితో ఏకీభవిస్తారు.

సాధారణంగా గుర్రాలకు మూడు, నాలుగేళ్ళ వయసులో జీను అలవాటు చేస్తారు. వెన్నెముకలోని ఎముకలు పూర్తిగా గట్టిపడటానికి ఐదేళ్ళకు పైగా పడుతుంది. గ్రాండ్ ప్రి స్థాయి అంతర్జాతీయ పోటీలకు గుర్రం వయసు కనీసం ఎనిమిదేళ్ళు ఉండాలనే నియమం దీనికి అనుగుణంగానే ఉంది.

తోక విసరడం, నోరు తెరవడం, వీపు బిగించడం వంటివి ఎల్లప్పుడూ బెదురు వలన కలిగేవి కావు. సరిపడని జీను, పంటినొప్పి, కుంటితనం కూడా కారణం కావచ్చు. 2018లో బ్రిటిషు పశువైద్యురాలు స్యూ డైసన్, ఆమె సహచరులు స్వారీ సమయంలో గమనించవలసిన 24 ప్రవర్తనల జాబితాను ప్రచురించారు. వాటిలో 8 లేదా అంతకు మించి కనిపిస్తే గుర్రం నొప్పితో బాధపడుతూ ఉండవచ్చని దాని సారాంశం.

తొలి పోటీకి సన్నాహం

అనుభవజ్ఞులు లేతవయసు గుర్రాన్ని మొదట పోటీలో పాల్గొనకుండానే మైదానానికి తీసుకువెళ్ళి, చేతితో నడిపించి, పరిసరాలను చూపుతారు. నిదానస్వభావం గల పెద్ద గుర్రాన్ని తోడుగా ఉంచడం మేలు చేస్తుంది. అనుమతి ఉన్నచోట స్థానం కోసం కాక, అనుభవం కోసమే పరీక్షను పూర్తిచేయవచ్చు. గుర్రం ఇంటివద్ద సునాయాసంగా చేయగల స్థాయి కంటే ఒక మెట్టు తక్కువ స్థాయిలో ప్రవేశించడం మంచిపద్ధతి.

సన్నాహక మైదానంలో ఒకేసారి అనేక గుర్రాలు తిరుగుతాయి కనుక అక్కడ బెదురు ఎక్కువ. బ్రిటనులో ఎదురైన గుర్రాలు ఎడమచేతి వైపు ఎడమచేయి ఉండేలా తప్పుకోవాలి. తన్నే గుర్రం తోకకు ఎర్ర రిబ్బను, అనుభవం లేని గుర్రం తోకకు ఆకుపచ్చ రిబ్బను కట్టే ఆచారం ఉంది. ఆకుపచ్చ రిబ్బను చూసినవారు దూరం పాటించడం మర్యాద.

నియమాలు, భద్రత

గుర్రం 20 సెకన్లకు మించి ముందుకు సాగడానికి నిరాకరిస్తే, లేదా నాలుగు కాళ్ళతో మైదానం దాటి వెలుపలికి వెళితే పోటీ నుండి తొలగిస్తారు. రౌతు నోటితో శబ్దం చేసి గుర్రాన్ని ప్రోత్సహించడం కూడా తప్పుగా పరిగణించబడుతుంది. గుర్రం ఒకసారి బెదిరితే ఆ కదలికకు మార్కులు తగ్గుతాయి గాని మిగిలిన కదలికలపై ఆ ప్రభావం ఉండదు. రౌతు శాంతంగా కొనసాగితే మంచి శాతమే సాధించవచ్చు. అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య 2021 నుండి రక్షణ శిరస్త్రాణాన్ని తప్పనిసరి చేసింది. ముక్కుపట్టీ అతిగా బిగించకుండా కొలిచే పరికరాన్ని 2025లో ప్రవేశపెట్టింది.

భారతదేశంలో

2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో భారత డ్రెస్సాజ్ జట్టు స్వర్ణపతకం గెలుచుకున్నది. జట్టు సభ్యులు సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ విపుల్ ఛేడా, అనూష్ అగర్వాలా. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల తరువాత అశ్వక్రీడలలో భారతదేశానికి లభించిన తొలి స్వర్ణం ఇదే. వ్యక్తిగత విభాగంలో అనూష్ అగర్వాలా కాంస్యపతకం సాధించాడు.