మబ్ఖరా: బొగ్గు, ఊదు, మా పెద్దమ్మ



వేపరైజర్ అనగానే మనకు గుర్తొచ్చేది జలుబు చేసినప్పుడు తల మీద దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టే ప్లాస్టిక్ డబ్బా. కువైట్‌లో దానికి చెక్కతో చేసిన పెద్దన్న ఒకడున్నాడు. వాడి పేరు మబ్ఖరా. ఇక్కడ చాలామంది మబ్ఖర్ అని కూడా అంటారు. అరబ్బీలో బుఖార్ అంటే ఆవిరి, బఖూర్ అంటే ధూపం వేసే ద్రవ్యం. రెండూ ఒక ధాతువులోంచి వచ్చిన మాటలే. మన హైదరాబాదు వాళ్ళు జ్వరాన్ని బుఖార్ అంటారు చూడండి, అదీ ఈ కుటుంబమే. కాబట్టి ఆ పేరు పుట్టిన చోట ఉన్నది ఆవిరి, పొగ కాదు. ఈ తేడా ఎంత పెద్దదో నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది.

నేను రిగ్గైలో ఉంటాను. ఫర్వానియా గవర్నరేట్‌లో, షువైక్ పారిశ్రామిక వాడకు దగ్గర్లో ఉన్న పేట ఇది. కన్సల్టెంట్ ఉద్యోగం, రెండు గదుల ఫ్లాటు. పక్కనే అల్ రాయ్‌లో శుక్రవారం సంత, సూక్ అల్ జుమా, ఉంది. 2018లో మా పెద్దమ్మను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళి ఒక మబ్ఖరా కొన్నాను. పెద్దమ్మది రాయచోటి దగ్గర పల్లె. 1986లో కువైట్ వచ్చి ఒక ఇంట్లో పనికి కుదిరింది. కడప సీమ నుంచి ఇలా వచ్చిన ఆడవాళ్ళు ఎందరో మీకు చెప్పనక్కర్లేదు, ఈ కార్యక్రమం వింటున్న ఇళ్ళల్లోనే ఉంటారు.

అంగడివాడు తళతళలాడే కరెంటు మబ్ఖరాలు చూపించాడు. పెద్దమ్మ వాటి వంక చూడలేదు. చెక్కది చేత్తో ఎత్తి, బోర్లించి, లోపలి రేకును గోటితో తట్టి చూసింది. "రేకు కదిలితే చెక్క మాడుతాది రా అబ్బయ్యా. బరువు కింద ఉండల్ల, లేకుంటే నిప్పుతో సహా పడతాది" అంది. నాలుగోది ఆమెకు నచ్చింది.

దాని రూపం చెబుతాను. కింద నలుచదరపు పీట, మధ్యలో సన్నని నడుము, పైన మళ్ళీ వెడల్పయిన గిన్నె, నాలుగు మూలలా నాలుగు కొమ్ములు. చెక్క మీద రేకు, దాని మీద ఇత్తడి మేకులతో ముగ్గుల్లాంటి పని. అరేబియాలో పాత పనివాళ్ళు దీనికి ఎక్కువగా వాడింది అథ్ల్ చెట్టు చెక్క. సరుగుడులా సన్నని ఆకులతో, ఉప్పు నేలలో కూడా బతికే ఎడారి చెట్టు అది. సౌదీలోని హాయిల్ పట్టణం ఈ పనికి పేరు పొందింది. నిప్పు పెట్టే వస్తువును చెక్కతో చేయడమేమిటని మొదట నాకూ నవ్వొచ్చింది. కానీ గిన్నెలో రేకు ఉంటుంది, చెక్క వేడిని త్వరగా పట్టదు. అందుకే చేతిలో పట్టుకుని అతిథి నుంచి అతిథికి తిప్పవచ్చు. రాతిదో ఇనుపదో అయితే చెయ్యి కాలుతుంది.

మబ్ఖరాకు పూర్వీకులు రాతివే. దక్షిణ అరేబియాలో సుమారు రెండువేల ఏళ్ళ నాటి చిన్న రాతి ధూపపాత్రలు దొరికాయి. వాటిలో కొన్నింటి నాలుగు పక్కలా నాలుగు ధూపద్రవ్యాల పేర్లు చెక్కి ఉన్నాయి. అందులో ఒక పేరు కుస్త్. అది మన సంస్కృతపు కుష్ఠమే, తెలుగులో కోష్టు. హిమాలయాల్లో తవ్విన వేరు యెమెన్ రాతి మీద పేరై కూర్చుందన్నమాట.

ఇక ఊదు సంగతి. అరబ్బీలో ఊద్ అంటే కట్టె. సుగంధం విషయంలో మాత్రం ఆ మాటకు అగరు కట్టె అనే అర్థం. అస్సాం అడవుల్లోని అగరు చెట్టుకు గాయమై బూజు పడితే, చెట్టు తనను తాను కాపాడుకోవడానికి నల్లటి జిగురు ఊరుస్తుంది. ఆ జిగురు పట్టిన కట్టెకే వాసన, జబ్బు చేయని చెట్టుకు లేదు. కొట్టి కొట్టి చెట్లు కరువై, 1995 నుంచి ఈ జాతి మీద అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఉంది. ఇప్పటికీ ఇక్కడి ముబారకియా అంగళ్ళలో ఊద్ హిందీ అంటే గొప్ప. ఆ ఊదే మన ఊదుబత్తిలో ఉంది. మా సీమలో పీర్ల పండక్కి ఊదు వేస్తారు, కడప పెద్ద దర్గాలో వేస్తారు, వేసేవాళ్ళలో సగం మంది హిందువులే. నా చిన్నప్పుడు నోటితో ఊదుతాం కాబట్టి ఊదు అంటారేమో అనుకునేవాడిని!

మన వ్యాపారులకు ఈ దారులు కొత్త కాదు. చీరాల దగ్గర మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే పాత రాజులు లాక్కునేవారు, నేను లాక్కోను, ముప్పయ్యో వంతు సుంకం మాత్రం తీసుకుంటాను అని మాట ఇచ్చాడు. సుంకాల పట్టికలో శ్రీగంధం, కర్పూరం, చీనా కర్పూరం, పన్నీరు, జవ్వాది ఉన్నాయి. ఆ తర్వాత కొండవీటి రెడ్ల కాలంలో అవచి తిప్పయ సెట్టి. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చింది ఇతనికే. ఏ దేశం నుంచి ఏ సరుకు తెప్పించాడో కవి వరసగా చెబుతాడు. కర్పూరం, జవ్వాది, కస్తూరి, వాటి మధ్యలో హురుమంజి గుర్రాలు. హురుమంజి అంటే హోర్ముజ్, అంటే ఈ గల్ఫ్ గుమ్మమే.

తెచ్చినవాడి పేరు కావ్యంలో నిలిచింది. బొగ్గు రాజేసి, సమయానికి ఊదు వేసి, బూడిద ఎత్తిపోసిన చేతుల పేర్లు అప్పుడూ ఎవరూ రాయలేదు, ఇప్పుడూ రాయలేదు. నేను ఈ ప్రసంగానికి ఒప్పుకున్నది అందుకే.

ఈ పని పెద్దమ్మ దగ్గర నేర్చుకున్నాను. బొగ్గును పొయ్యి మీద ఎర్రగా కాల్చాలి. వెంటనే ఊదు వేయకూడదు. బొగ్గు మీద తెల్లటి బూడిద పొర కమ్మేదాకా ఆగాలి. కంగారు పడి ముందే వేస్తే కట్టె అంటుకుని పొగ వస్తుంది, వాసన మాడుతుంది. వేడి తగ్గాక గోరంత ముక్క వేస్తే జిగురు కరిగి ఆవిరవుతుంది. "పొగొచ్చిందంటే డబ్బు కాలిపోతాండాదని" అనేది పెద్దమ్మ. మంచి ఊదు ధర తెలిసినవాళ్ళకు ఈ మాట అర్థమవుతుంది. ఇంకో సంగతి, ఏసీ వేసి తలుపులన్నీ బిగించిన గదిలో బొగ్గు పెట్టకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ఊదు పరిమళంలో అసలే తెలియదు. కిటికీ తీసి ఉంచండి.

దీవానియాలో మబ్ఖరా చివర్న వస్తుంది. ఒక్కొక్కరూ గుత్రా అంచు కిందికి, బట్టల్లోకి ఆవిరి పట్టుకుని పక్కవారికి ఇస్తారు. ఊదు తర్వాత కూర్చోవడం లేదని సామెత. వెళ్ళిపొమ్మని చెప్పడానికి ఇంతకన్నా మర్యాద నాకు తెలియదు. మన పేరంటంలో తాంబూలం చేతిలో పెట్టినట్టే.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చేసరికి పెద్దమ్మ పనిచేసే ఇంటివాళ్ళు వేసవికి బయటి దేశంలో ఉన్నారు. ఇంట్లో ఈమె, ఇంకో మలయాళీ వంటమనిషి. కొన్ని వారాలు తలుపులేసుకుని ఉండి, చివరికి బస్సులో బస్రా, బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరి, అక్కణ్ణుంచి విమానంలో బొంబాయి వచ్చింది. ఆ ఏడాది అలా ఇంటికి చేరిన భారతీయులు లక్షా డెబ్భై వేలకు పైనే. ఊరొచ్చేసరికి ఆమె చేతిలో ఒక గుడ్డసంచి, నాలుగేళ్ళ జీతంలో మిగిలింది సున్నా. 1992లో మళ్ళీ అదే ఇంటికి వెళ్ళింది. ఇల్లు ఊడ్చిపెట్టినట్టుంది, తివాచీలతో పాటు పాత మబ్ఖరా కూడా పోయింది. పెద్దావిడ ఈమెను చూసి ఏడ్చి, ఆ వారమే కొత్త మబ్ఖరా కొనిపించి, మొదటి బొగ్గు ఈమె చేత పెట్టించిందట.

అందరి కథా ఇలా ఉండదు. జీతం అందక, పాస్‌పోర్టు చేతిలో లేక ఎంబసీ గడప దగ్గర పడిగాపులు పడ్డవాళ్ళు ఇదే రాయచోటి నుంచి, రాజంపేట నుంచి వచ్చినవాళ్ళే. పెద్దమ్మకు దొరికింది మంచి ఇల్లు. ఆ ఇంటి జీతంలోంచే నా ఎంసీఏ ఫీజు మూడేళ్ళూ వచ్చింది. చదువుకునేటప్పుడు ఆమె పంపిన చీరల పెట్టె తెరిస్తే గది నిండేది ఊదు వాసన. అప్పట్లో అది ఏదో సెంటు అనుకున్నాం.

2019లో ఆమె పూర్తిగా ఊరికి వెళ్ళిపోయింది. తనతో మబ్ఖరా తీసుకుపోలేదు. "మనకు కొండ గుగ్గిలం ఉండాది కదా, మట్టి మూకుడు చాలు" అంది. శేషాచలం కొండల్లో కూడా సహజంగా పెరిగే చెట్టు అది. శుక్రవారం ఫోను చేస్తే, అన్నం తిన్నావా అన్న తర్వాత అడిగే రెండో ప్రశ్న రేకు గురించే. మొన్న ఒక మూల రేకు లేచి, చెక్క రూపాయి బిళ్ళంత మేర నల్లబడింది. ఆమెకు ఇంకా చెప్పలేదు. వచ్చే శుక్రవారం సంతకు పట్టుకెళ్ళి మేకులు కొట్టించుకున్నాక చెబుతాను.